గింజలకు అలవాటు పడ్డ కాకటీల్‌కు పెల్లెట్లు నేర్పించేది ఎట్ల?

పానగల్లు_గట్టు:

అందరికీ నమస్తే. మాది నల్గొండ టౌన్. మూడేండ్ల మగ కాకటీల్ (తల మీద జుట్టు ఉండే చిన్న విదేశీ చిలుక) ఉంది, మామూలు బూడిద రంగుది. వంటింటి డిజిటల్ కాంటా మీద పెడితే 108 గ్రాములు వచ్చింది. చిన్నప్పటి నుంచి గింజలే తింటున్నది: సజ్జలు, కొర్రలు, కుసుమలు, పొద్దుతిరుగుడు గింజలు కలిపిన మిక్స్. అందులో కూడా ముందు పొద్దుతిరుగుడు ఏరుకొని తింటది, సజ్జల జోలికి ఆఖర్న పోతది. ఆకుకూరల్లో కొత్తిమీర ఒక్కటే కొరుకుతది.

చిన్న సైజు పెల్లెట్లు (ధాన్యం పిండి, విటమిన్లు కలిపి చేసే పక్షుల గుళికలు) తెచ్చి వారం నుంచి సగం గింజలు, సగం పెల్లెట్లు ఒకే గిన్నెలో కలిపి పెడుతున్న. గింజలు తిని పెల్లెట్లు బయటికి విసిరేస్తున్నది. కొన్న దగ్గర అడిగితే "రెండు రోజులు గింజలు బంద్ పెట్టు, ఆకలైతే అదే తింటది" అన్నరు. అట్ల చేయొచ్చా? రోజుకు ఎంత పెట్టాలె? ఎన్ని రోజుల్ల మారుతది? ఎండలు ముదురుతున్నయి, ఇప్పుడే మొదలుపెట్టొచ్చా లేక వానలు పడేదాక ఆగాలా?

పాలమూరు_రెక్కలు:

అన్నా, గింజలు మాత్రం బంద్ పెట్టకు. అన్నిటికంటే ముందు ఇది గట్టిగ పట్టుకో.

ఆకలైతే కుక్క తింటది, కోడి తింటది. గింజల మీద పెరిగిన చిలుక తినదు, ఎందుకంటే పెల్లెట్ అంటే తిండి అని దానికి తెల్వదు. దాని లెక్కల తిండి అంటే పొట్టు ఉండాలె, నాలుకతోని తిప్పి ముక్కు అంచున చీల్చాలె, లోపల పప్పు రావాలె. పెల్లెట్‌కు పొట్టు లేదు, అది దానికి ఒక గులకరాయి. ముందట నిండు గిన్నె ఉన్నా ఆకలితోనే కూసుంటది. వంద గ్రాముల పక్షికి నిల్వ శక్తి చాలా తక్కువ, రెండు రోజులు ఏమీ తినకుంటే ప్రాణం మీదికి వస్తది. నీ పక్షి విషయంల ఇంకో ప్రమాదం ఉంది. కాకటీల్ మామూలుగ 80 నుంచి 100 గ్రాములు ఉంటది, నీది 108. పొద్దుతిరుగుడు పప్పుల దాదాపు సగం కొవ్వే. మూడేండ్లు అది ఏరుకొని తిన్న పక్షికి కాలేయంల కొవ్వు పేరుకొని ఉండే అవకాశం ఎక్కువ. అట్లాంటి పక్షిని ఒక్కసారి పస్తు పెడితే ఒంట్ల కొవ్వంత కరిగి కాలేయం మీదనే పడతది. బొద్దు పక్షికి కూడ పస్తు చాలా ప్రమాదం, చాలా మందికి ఈ సంగతి తెల్వదు.

సగం సగం కలపడం ఎందుకు పనిచేయలేదంటే, రోజంత గింజలు అందుబాటుల ఉన్నయి. ఏరుకునే పనిల చిలుకను మించింది లేదు. కాబట్టి కలపకు, వేళలు విడదియ్యి.

మొదటి పని కాంటా. ఒక్క గ్రాము తేడా చూపేది ఉండాలె, అయిదు గ్రాములకొకసారి కదిలే కాంటా పనికిరాదు. పొద్దుగాల లేచినంక పెద్ద రెట్ట వేస్తది, రాత్రంత ఆపుకున్నది. అది వేసినంక, తిండి పెట్టక ముందు తూచు. కాంటా మీద చిన్న కొమ్మ లేదా గిన్నె పెట్టి సున్నా చేసుకో, పక్షిని దాని మీద నిలబెట్టు. మూడు రోజులు వరుసగ తూచి సగటు తీయి, అదే నీ మూల బరువు. 108 అనుకుంటే దాంట్ల పదో వంతు 10.8, అంటే 97 నీ ఎర్ర గీత. అక్కడికి వస్తే ప్రయోగం బంద్, మామూలు గింజలు పెట్టి డాక్టర్ దగ్గరికి పోవాలె. గీత దాక పోకున్నా, రెండు రోజుల్ల అయిదారు గ్రాములు పడిపోతే అది కూడ ఆగాల్సిన సంకేతమే.

రెండో పని, ఇప్పుడు ఎంత తింటున్నదో కొలుచుడు. పొద్దున 20 గ్రాముల గింజలు పెట్టు. మర్నాడు గిన్నెను మెల్లగ ఊది పొట్టు ఎగరగొట్టు, కింద పడ్డ మంచి గింజలు కూడ ఏరి కలిపి తూచు. 7 గ్రాములు మిగిలితే 13 వాడింది. ఆ 13ల పొట్టు కూడ ఉంది కాబట్టి నిజంగ కడుపులకు పోయింది అంతకంటే తక్కువ. పెల్లెట్‌కు పొట్టు ఉండదు, అందుకే పూర్తిగ మారినంక సుమారు 8 నుంచి 10 గ్రాములు సరిపోతది. ఇది కాకటీల్ లెక్క. ఒక్కో పక్షికి ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ ఉంటది.

పొట్టు సంగతి ఇక్కడనే చెప్త. పైనుంచి చూస్తే గిన్నె నిండుగ కనిపిస్తది, ఊదితే అడుగున నాలుగు గింజలుంటయి. పొట్టును గింజలనుకొని కొత్తవి పోయకపోతే పక్షి పస్తు పడ్డట్టే. మారే రోజుల్ల ఈ పొరపాటు ఇంకా ప్రమాదం. పూటపూటకు ఊది చూడు.

ఇగ వేళలు. పొద్దున ఏడింటికి 6 గ్రాములు, సాయంత్రం ఆరింటికి 6 గ్రాములు గింజలు. మొదటి మూడు రోజులు పూటకు గంట సేపు ఉంచు, తర్వాత అరగంట. అరగంటల పక్షి మెడ కింది సంచి నింపుకుంటది, పస్తు ఉండదు. మిగతా పగలంత పెల్లెట్ల గిన్నె ఒక్కటే, చెంచాడు చాలు. పాత గింజల గిన్నెలనే, పాత జాగల్నే పెల్లెట్లు పెట్టు, గింజలను కొత్త గిన్నెల పెట్టు. అలవాటు పడ్డ జాగకు ముక్కు అదే పోతది.

గింజలు పెట్టే పూటల ఒక ఉపాయం. పెల్లెట్లను మిక్సీ చిన్న జార్ల పొడి కొట్టు. 6 గ్రాముల గింజల మీద నాలుగైదు చుక్కల నీళ్ళు చల్లి, అర చెంచా పొడి వేసి కలుపు. పొడి గింజలకు అంటుకుంటది. పొట్టు ఒలిచేటప్పుడు నాలుకకు తగులుతది, ఆ రుచి దానికి తెలుస్తది. గంట అయినంక మిగిలింది పారెయ్యాలె, తడి పొడి మన ఎండలకు తొందరగ పులుస్తది. నాలుగైదు రోజులైనంక మెత్తటి పొడి బదులు బరక పొడి, ఆ తర్వాత ముక్కలు, ఆఖరికి మొత్తం పెల్లెట్.

తిన్నదా విసిరేసిందా అనేది గిన్నె ఖాళీని బట్టి చెప్పలేవు. పంజరం అడుగున తెల్ల కాగితం పరువు. కింద పడ్డ పెల్లెట్లు ముక్కలై ఉంటే కొరికి చూస్తున్నదని అర్థం. ముక్కు అంచుకు సన్నటి పొడి అంటి ఉంటది, నీళ్ళ గిన్నె అడుగున పిండి లెక్క దిగుతది. అన్నిటికంటే నమ్మదగ్గ సాక్ష్యం రెట్ట. గింజల పక్షి రెట్టల పచ్చ పోగు, దాని మీద తెల్లటిది, చుట్టూ కొంచెం నీరు ఉంటయి. పెల్లెట్లు కడుపులకు పోతుంటే పచ్చ పోగు గోధుమ రంగుకు తిరిగి కొంచెం లావైతది, భయపడొద్దు. చిన్నగ, ముదురు పచ్చగ, నల్లగ, జిగటగ వస్తే మాత్రం కడుపు ఖాళీ ఉన్నట్టు. ఈ రంగు చదువుకోవాలంటే పెల్లెట్ సాదా రంగుది కొను. ఎర్ర, పచ్చ రంగులు కలిపినవి తింటే రెట్టకు కూడ రంగు వస్తది, రక్తమా రంగా తెల్వక ఆగమైతవు.

గోధుమ రంగు రెట్టలు రోజూ వస్తూ, బరువు నిలకడగ ఉంటేనే గింజలు తగ్గించు. మూడు రోజులకు పూటకు ఒక గ్రాము చొప్పున చాలు. ముందు మిక్స్‌లకెల్లి పొద్దుతిరుగుడు తీసెయ్యి, పారెయ్యకు. నువ్వు చేత్తో ఇచ్చే బహుమానం అదే కావాలె: పెల్లెట్ ముక్క నోట్ల పెట్టుకున్న వెంటనే ఒక్క గింజ.

ఎన్ని రోజులంటే, కాకటీల్‌కు నెల నుంచి రెండు నెలలు అనుకో. మొండిది మూడు నెలలు కూడ తీసుకుంటది. ఈకలు రాల్చే కాలంల, గుడ్లు పెట్టేటప్పుడు, పిల్లలను సాకేటప్పుడు, తుమ్ములు, ఉబ్బి కూసోవడం లాంటివి ఉన్నప్పుడు మొదలుపెట్టొద్దు.

గుర్రంపోడు_తోట:

పై వివరాలకు ఎండల సంగతి, కూరగాయల సంగతి కలుపుతాను.

మే నెలలో నల్గొండలో 44, 45 డిగ్రీలు మామూలే. ఆ వేడికి పక్షి సహజంగానే తక్కువ తింటుంది. తిండి మార్పు వల్ల తగ్గిందా, ఎండ వల్ల తగ్గిందా తేల్చలేరు. ఇప్పుడు పొడి కలపడం, వేళలు అలవాటు చేయడం వరకు చేయండి. గింజలు తగ్గించే దశను మృగశిర దాటి నాలుగు చినుకులు పడ్డాక పెట్టుకోండి. నోరు తెరిచి రొప్పడం, రెక్కలు ఒంటికి దూరంగా పట్టడం కనిపిస్తే ఆ రోజు తిండి ప్రయోగం ఏదీ వద్దు, గది చల్లబరచడమే పని.

కూలర్ గాలి నేరుగా గిన్నె మీదికి రాకూడదు. ఆ తేమకు పెల్లెట్లు మెత్తబడి బూజు పడతాయి, కంటికి కనిపించక ముందే వాసన మారుతుంది. పెద్ద ప్యాకెట్ చవకని తేవద్దు, తెరిచాక ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అయిపోయేంతే తీసుకోండి. గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి, వారానికి సరిపడా చిన్న డబ్బాలోకి తీసుకోండి. చల్లటి డబ్బాను బయటికి తీసిన వెంటనే మూత తెరవకండి, లోపల చెమ్మ పడుతుంది. కిలోల లెక్కన విడిగా తూచి ఇచ్చే పెల్లెట్లు కొనవద్దు. తయారీ తేదీ తెలియదు, వేడికి విటమిన్లు పోయి ఒట్టి పిండి మిగులుతుంది.

గింజల్లో అన్నిటికంటే తక్కువ ఉండేది విటమిన్ ఏ, ఆ తర్వాత కాల్షియం. విటమిన్ ఏ చాలకపోతే ముక్కు, గొంతు లోపలి పొర గట్టిపడి, తుమ్ములు, ముక్కు కారడం మళ్ళీ మళ్ళీ వస్తాయి. పెల్లెట్ పూర్తిగా అలవాటయ్యే లోపు ఈ లోటు పూడ్చేది మన పెరట్లోనే ఉంది: మునగాకు. రెమ్మను కడిగి, నీళ్ళు దులపకుండా పంజరం పైనుంచి వేలాడదీయండి. ఆకుల మీది నీటి బొట్ల కోసం వచ్చి కొరకడం మొదలుపెడుతుంది. కొత్తిమీర తింటున్నదన్నారు కదా, కొత్తిమీర కట్టలోనే రెండు మునగ రెమ్మలు దూర్చండి. సన్నగా తురిమిన క్యారెట్, ఉడికించిన చిలగడదుంప, ఎర్ర గుమ్మడి మంచివి. పండుమిరపకాయ కూడా పెట్టవచ్చు, పక్షులకు మిరప ఘాటు తెలియదు, విటమిన్ ఏ బాగా ఉంటుంది. పాలకూర, తోటకూర, గంగవాయిలి కూర మాత్రం వారానికి ఒకసారి చాలు, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. మార్కెట్ ఆకు అయితే పారే నీళ్ళలో రెండుసార్లు కడగాలి, మందు కొట్టి ఉంటుంది.

వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు వాళ్ళు ఇంట్లో ఉన్నాయని పచ్చి పల్లీలు పెడుతుంటారు. చెమ్మ తగిలిన పల్లీకి పట్టే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, అది నేరుగా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పైకి శుభ్రంగా కనిపించే పప్పులో కూడా ఉండవచ్చు. ఇప్పటికే బొద్దుగా ఉన్న పక్షికి పల్లీలు అసలే వద్దు. అవకాడో, చాక్లెట్, చాయ్, కాఫీ, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఎంత కొంచెమైనా పెట్టవద్దు. ఉప్పు వేసిన మిక్చర్, చాయ్‌లో ముంచిన బిస్కెట్ కూడా అంతే.

పెల్లెట్ తినే పక్షి నీళ్ళు ఎక్కువ తాగుతుంది. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు పోయకండి, మీరు తాగే మంచినీళ్ళే పోయండి, ఎండాకాలంలో రోజుకు మూడుసార్లు మార్చండి. పెల్లెట్లు అలవాటయ్యాక నీళ్ళలో విటమిన్ చుక్కలు వేయడం ఆపాలి. పెల్లెట్‌లో విటమిన్లు ముందే ఉంటాయి, విటమిన్ ఏ, డీ3 ఎక్కువైతే కాలేయం, మూత్రపిండాలు పాడవుతాయి.

దేవరకొండ_కోట:

మా దగ్గర ఆరు లవ్ బర్డ్స్ ఉన్నయి. వాటికి కూడ ఇదే పద్ధతా? ఇంకో సంగతి, పెల్లెట్ల ధర చూస్తే గుండె గుభేలుమంటున్నది. కోళ్ళ ఫారాలకు పోసే లేయర్ దాణా కూడ పెల్లెట్ల లెక్కనే ఉంటది కద, అది పెడితే కాదా?

పశువైద్యం_షాద్‌నగర్:

దాణా సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే మన ప్రాంతంలో ఫారాలు ఎక్కువ, ఈ ఆలోచన చాలా మందికి వస్తుంది. లేయర్ దాణా రోజూ గుడ్డు పెట్టే కోడి కోసం చేసింది. పెంకు గట్టిగా రావాలని అందులో మూడున్నర నుంచి నాలుగు శాతం కాల్షియం వేస్తారు. చిలుకల పెల్లెట్లలో సుమారు ఒక శాతం లోపే ఉంటుంది. ఆ ఎక్కువ కాల్షియాన్ని చిలుక బయటికి పంపలేదు, మూత్రపిండాల్లో పేరుకుంటుంది. కొన్ని వారాలు ఏమీ కనిపించదు, తర్వాత కీళ్ళ దగ్గర తెల్లటి గడ్డలు, నీరసం, చావు. బ్రాయిలర్ దాణా కూడా వద్దు, అందులో కోళ్ళ రోగాలకు కలిపే మందులు ఉంటాయి, మోతాదు కోడి బరువుకు కట్టింది.

ఖర్చు గురించి: పొట్టు రూపంలో పోయేది లేదు కాబట్టి రోజుకు గింజల కంటే తక్కువ గ్రాములు సరిపోతాయి. చిన్న పక్షులకు పెల్లెట్ మొత్తం తిండి కావాల్సిన అవసరం కూడా లేదు.

మన దగ్గర లవ్ బర్డ్స్ అని అమ్మేవి చాలావరకు బడ్జీలు (బడ్జరిగర్ అనే చిన్న చిలుకలు). అవి 30 నుంచి 40 గ్రాములే. పదో వంతు అంటే మూడు నాలుగు గ్రాములు, కాబట్టి తప్పుకు చోటు ఇంకా తక్కువ. ఆరింటినీ కలిపి మార్చకండి, ఏది తింటున్నదో ఏది పస్తు ఉంటున్నదో తెలియదు. చురుకైన రెండింటిని పక్క పంజరంలో పెట్టి ముందు వాటికి నేర్పండి. నేర్చినవాటిని చూసి మిగతావి నేర్చుకుంటాయి, గుంపులో బతికే పక్షికి ఇంతకంటే మంచి పంతులు లేడు. బడ్జీలు నేల మీద ఏరుకు తినే జాతి, వేలాడే గిన్నె కంటే పళ్ళెం మేలు. ఒక చిన్న అద్దాన్ని పంజరం అడుగున పడుకోబెట్టి దాని మీద పెల్లెట్ రవ్వ, నాలుగు కొర్రలు చల్లండి. అద్దంలో ఇంకో పక్షి కింద ఏరుకుంటున్నట్టు కనిపించి ఇదీ పొడుస్తుంది. అలవాటయ్యాక అద్దం తీసేయండి. బడ్జీలకు, కాకటీల్స్‌కు నూటికి నూరు పాళ్ళు పెల్లెట్లు చేయవద్దు. సగం నుంచి అరవై పాళ్ళు పెల్లెట్లు, పావు వంతు దాకా ఆకుకూరలు, మిగతాది కొర్రలు, సామల లాంటి చిరుధాన్యాలు బాగుంటుంది.

గింజల మీదే బతికే బడ్జీల్లో అయోడిన్ లోపంతో గొంతు దగ్గర థైరాయిడ్ వాచడం ఉంటుంది. ఊపిరి తీసినప్పుడు కీచుమనే చప్పుడు, తిన్నది కక్కడం ఉంటే తిండి మార్పు తర్వాత, ముందు చూపించండి. జిల్లా పశువుల ఆసుపత్రుల్లో ఎక్కువగా గేదెలు, గొర్రెలే వస్తాయి. పక్షుల అనుభవం ఉన్నవాళ్ళు హైదరాబాద్‌లో దొరుకుతారు, బయలుదేరే ముందు ఫోన్ చేసి పక్షులు చూస్తారా అని అడిగి వెళ్ళండి. పంజరం అడుగు కాగితాన్ని మార్చకుండా అట్లాగే తీసుకెళ్ళండి, సగం సమాచారం అందులోనే ఉంటుంది.

హాలియా_కాల్వ:

రామచిలుకకు కూడ ఇవే పెల్లెట్లు నడుస్తయా సార్?

పశువైద్యం_షాద్‌నగర్:

రామచిలుకను ఇంట్లో పెంచకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశపు చిలుకలన్నింటికీ రక్షణ ఉంది, పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం నేరం. ఉంటే అటవీ శాఖ వాళ్ళకు అప్పజెప్పండి. చట్టం అన్నారని ఒక్కసారిగా పంజరం తలుపు తీయవద్దు, రెక్కలు కత్తిరించిన, మనిషి చేతి తిండికి అలవాటు పడ్డ చిలుక బయట కాకులకు, పిల్లులకు దొరికిపోతుంది. సన్ కన్యూర్, ఆఫ్రికన్ గ్రే లాంటి విదేశీ చిలుకలు ఉన్నవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. కాకటీల్, బడ్జీ అలా నమోదు చేయించాల్సిన వాటిలో లేవు.

పానగల్లు_గట్టు:

అందరికీ చాలా థ్యాంక్స్. పొడి, వేళలు మొదలుపెట్టి తొమ్మిది రోజులైంది. బరువులు రాస్తున్న: 108, 108, 107, 107, 107, 106, 104, 102, 101. ఆరో రోజు రెట్టల గోధుమ రంగు కనిపించింది, అందుకే గింజలు పూటకు 6 నుంచి 3 గ్రాములకు దించి పావుగంటే ఉంచిన. ఇయ్యాల రెట్టలు చిన్నగ, ముదురు పచ్చగ ఉన్నయి. పక్షి హుషారుగనే ఉంది, ఈల వేస్తున్నది. 97 రాలేదు కద, నడిపియ్యొచ్చా?

పాలమూరు_రెక్కలు:

ఆపు అన్నా, ఇప్పుడే. 97 ఆఖరి గీత, అక్కడిదాక పోవచ్చని కాదు. మొదటి ఆరు రోజుల్ల రెండు గ్రాములు తగ్గింది, బొద్దు పక్షికి అది మంచిదే. తర్వాతి మూడు రోజుల్ల అయిదు గ్రాములు పడ్డది, రెట్టలు కూడ అదే చెప్తున్నయి. కొవ్వు కరిగి తగ్గితే వారానికి ఒకటి రెండు గ్రాములు దాటదు. హుషారును నమ్మకు, చిలుక జబ్బును ఆఖరి దాక దాచుకుంటది. అడవిల నీరసం చూపిన పక్షిని డేగ ముందు పట్టుకుంటది కాబట్టి దాని తత్వమే అది.

తప్పు ఎక్కడ జరిగిందంటే, ఒక్క రోజు గోధుమ రంగు చూసి సగానికి దించినవు, పైనుంచి సమయం కూడ కోసినవు. అప్పటికి అది పొడి మాత్రమే తింటున్నది, పెల్లెట్‌ను ఇంకా కొరకడం నేర్వలేదు. ఇప్పుడు పూటకు 6 గ్రాములు, గంట సేపు, మధ్యాహ్నం ఇంకో 3 గ్రాములు పెట్టు. పొడి మాత్రం మానకు. రేపటికల్లా రెట్టలు మామూలు సైజుకు రావాలె. రాకపోయినా, బరువు 100 కిందికి జారినా ఫోన్ చేసి చూపించు, ఆదివారమని ఆగకు. 104 దాటి మూడు రోజులు కదలకుండ ఉంటే మధ్యాహ్నం పూట తీసెయ్యి. ఆ మీద, వానలు పడ్డంక, అయిదు రోజులు వరుసగ గోధుమ రంగు కనపడితేనే పూటకు ఒక్క గ్రాము తగ్గించు.

ఇంకొకటి చేసి చూడు. సాయంత్రం గింజలు పెట్టే ముందు పది నిమిషాలు, తెల్ల పళ్ళెంల నాలుగు పెల్లెట్లు పెట్టి నువ్వు వాటిని వేలితోని టకటక కొడుతూ ఏరుతున్నట్టు చెయ్యి, నోటి దగ్గరికి తీసుకపోయి నమిలినట్టు చెయ్యి. కాకటీల్ మనిషి తినేదాని మీద కన్నేస్తది. పెల్లెట్‌ను గోరుతోని చిదిమి సగం చేసి ఇస్తే కొరుకుడు ఇంకా సులువు, విరిగిన అంచు నాలుకకు దొరుకుతది.

పానగల్లు_గట్టు:

గింజలు 6 గ్రాములకు పెంచిన, మధ్యాహ్నం పూట కూడ పెట్టిన. ఇయ్యాల పొద్దుగాల 103, రెట్టలు పెద్దగ అయినయి, రంగు మామూలుకు వచ్చింది. పళ్ళెం మీద విరగ్గొట్టిన పెల్లెట్ రెండుసార్లు నోట్ల పెట్టుకొని తిప్పి వదిలేసింది.

పాలమూరు_రెక్కలు:

తిప్పి చూసిందంటే ఇంక గులకరాయి అనుకోవట్లేదు. ఆ రెండు క్షణాలల్లనే ఒక పొద్దుతిరుగుడు గింజ చేతిల పెట్టు, ఆలస్యం చేస్తే దేనికి ఇచ్చినవో దానికి తెల్వదు. గింజలు మాత్రం అట్లనే ఉంచు, వానలు పడేదాక తగ్గించకు.